టైవిన్ లానిస్టర్ పోయాక మిగిలిందేమిటి?

గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో లానిస్టర్ వంశపెద్ద టైవిన్ మనకు మొదటిసారి కనిపించేది మొదటి సీజన్ ఏడవ ఎపిసోడ్‌లో. యుద్ధ శిబిరంలోని గుడారంలో, బల్ల మీద పడవేసిన దుప్పి చర్మాన్ని ఆయన స్వయంగా కత్తి పట్టుకొని ఒలుస్తూ, ఎదురుగా నిలబడ్డ పెద్దకొడుకు జేమీకి బుద్ధి చెబుతుంటాడు. మీ అమ్మ పోయింది, కొన్నాళ్లకు నేనూ పోతాను, నువ్వూ నీ తోబుట్టువులూ వాళ్ల పిల్లలూ అందరూ మట్టిలో కలిసిపోతారు, చివరికి మిగిలేది వంశం పేరొక్కటే అన్నది ఆ మాటల సారాంశం. దుప్పి బరాథియన్ రాజవంశపు చిహ్నం. రాజు పేరుకు బరాథియన్ అయినా రాజ్యాన్ని ఒలుచుకుంటున్నది ఎవరో చెప్పడానికి ఆ దృశ్యంలో ఒక్క మాట కూడా ఖర్చు చేయలేదు. నటుడు చార్లెస్ డాన్స్ ఆ పాత్రను అంత నిండుగా పోషించిన తరువాత ఆ మనిషిని మెచ్చుకోకుండా ఉండడం కష్టం. 2011 నుంచి 2019 వరకు సాగిన ఈ ధారావాహికను మొదటిసారి చూసినప్పుడు నేనూ మెచ్చుకున్నాను.

ఈ మధ్య 73 ఎపిసోడ్లనూ మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చూశాను. కథ ముందే తెలిసి చూస్తున్నందువల్ల ఎవరు చస్తారో అన్న ఆత్రుత లేదు. ఎవరు చేసిన పని ఎంత దూరం వెళ్లి ఎవరికి తగిలిందో నిదానంగా గమనించే వీలు దొరికింది. అలా చూస్తున్నకొద్దీ అభిమానుల మధ్య ఏళ్ల తరబడి స్థిరపడిపోయిన ఒక అభిప్రాయం నాకు బలహీనంగా కనిపించసాగింది. ఉత్తరాది ప్రభువు నెడ్ స్టార్క్ మంచివాడే గాని రాజకీయం తెలియని అమాయకుడు, టైవిన్ క్రూరుడే గాని కథ జరిగే వెస్టరోస్ ఖండం మొత్తంలో రాజ్యం చేయడం తెలిసిన ఏకైక మేధావి అన్నది ఆ అభిప్రాయం. దీనిలో రెండో సగం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. టైవిన్ గెలవడం తెలిసినవాడే. కానీ గెలిచినదాన్ని తన ఊపిరి ఆగిన మరునాడు కూడా నిలబెట్టగల ఏర్పాటు ఒక్కటీ ఆయన చేయలేదు, పైగా అలాంటి ఏర్పాట్లలో అప్పటికే ఉన్నవాటిని తన చేతులతోనే కూల్చాడు. ఆయన కొలబద్దతోనే ఆయనను కొలవడం న్యాయం కాబట్టి, గుడారంలో ఆయన కొడుక్కి చెప్పిన ఆ మాటనే నేను ప్రమాణంగా తీసుకుంటున్నాను. కథను చివరి దాకా చూడనివారు ఇక్కడితో ఆగడం మంచిది.

మొదట రెడ్ వెడ్డింగ్ గురించి మాట్లాడాలి, ఎందుకంటే టైవిన్ మేధావితనానికి అందరూ చూపించే మొదటి సాక్ష్యం అదే. ఉత్తరాది రాజుగా సామంతులు ప్రకటించిన నెడ్ కొడుకు రాబ్ స్టార్క్ యుద్ధభూమిలో ఒక్కసారి కూడా ఓడలేదు. అతడు ఓడింది భోజనాల బల్ల దగ్గర. ఫ్రే వంశపు పిల్లను పెళ్లాడతానని మాట ఇచ్చి, ఆ మాట తప్పి టలీసాను పెళ్లాడాడు. దానికి పరిహారంగా తన మేనమామ ఎడ్మ్యూర్‌కు ఫ్రేల అమ్మాయినిచ్చి పెళ్లి జరిపించే నెపంతో టైవిన్‌తో చాటుగా చేయి కలిపిన వాల్డర్ ఫ్రే అతణ్ణి తన కోటకు పిలిచాడు. వచ్చినవారికి రొట్టె, ఉప్పు పెట్టారు. ఆ రాత్రే తలుపులు మూసి, టైవిన్ ఒకప్పుడు నామరూపాలు లేకుండా చేసిన రేన్ వంశం మీది పాటను వాద్యగాళ్ల చేత వాయింపించి, రాబ్‌నూ అతని తల్లినీ గర్భవతి అయిన భార్యనూ చంపారు. మూడవ సీజన్ తొమ్మిదవ ఎపిసోడ్ ఇది. ఆ మరుసటి ఎపిసోడ్‌లో చిన్నకొడుకు టిరియన్ ఎదురుతిరిగి అడిగితే, యుద్ధంలో పదివేలమందిని చంపడం గౌరవమూ, విందులో ఓ డజనుమందిని చంపడం నీచమూ ఎలా అవుతుందో చెప్పమంటాడు టైవిన్. టిరియన్ దగ్గర జవాబు లేదు. అభిమానుల్లో చాలామంది దగ్గర కూడా లేదని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే ఆ ప్రశ్న దగ్గరే చర్చ ఆగిపోతుంటుంది.

జవాబు ఉంది. వెస్టరోస్‌లో ఏడు రాజ్యాల మీద న్యాయస్థానం లేదు, ఒప్పందం తప్పినవాణ్ణి పట్టి శిక్షించే వ్యవస్థ లేదు, రాజు స్వయంగా ఒక కక్షిదారు అయినప్పుడు వినేవాడే లేడు. అలాంటి చోట ఇద్దరు శత్రువులు కత్తులు పక్కన పెట్టి ఒక గదిలో కూర్చోవాలంటే వారికున్న ఏకైక హామీ అతిథి ధర్మం. ఒకసారి నా ఇంటి ఉప్పు తిన్నాక నిన్ను నేనూ నన్ను నువ్వూ తాకరాదన్న ఆ కట్టుబాటు మీదే సంధులు, పెళ్లి సంబంధాలు, బందీల మార్పిడి, లొంగుబాట్లు అన్నీ జరుగుతాయి. అది మర్యాద కోసం పుట్టిన ఆచారం కాదు; యుద్ధాన్ని ముగించడానికి వాళ్ల దగ్గరున్న ఒకే ఒక్క పనిముట్టు. టైవిన్ ఒక యుద్ధాన్ని త్వరగా ముగించడం కోసం యుద్ధాలను ముగించే పనిముట్టునే విరగ్గొట్టాడు. పదివేలకూ డజనుకూ మధ్య ఆయన చూపిన లెక్కలో ఈ నష్టం ఎక్కడా నమోదు కాలేదు. అదే సీజన్ చివరి ఎపిసోడ్‌లో రాబ్ తమ్ముడు బ్రాన్ తన తోటివారికి ర్యాట్ కుక్ కథ చెబుతాడు: రాజు మీద పగతో ఆయన కొడుకునే చంపి వండి తండ్రికి వడ్డించిన వంటవాణ్ణి దేవుళ్లు శపించింది హత్యకు కాదు, తన కప్పు కింద ఉన్న అతిథిని చంపినందుకు. ఆ కథను సరిగ్గా అక్కడ పెట్టిన రచయితలకు తాము ఏం చెబుతున్నారో స్పష్టంగా తెలుసు. ఆరవ సీజన్ చివర రాబ్ చెల్లెలు ఆర్యా స్టార్క్ వాల్డర్ ఫ్రేకు అతని కొడుకుల మాంసమే వడ్డించి గొంతు కోసినప్పుడు ఆ కథ ఒక చుట్టు తిరిగి వచ్చింది.

అయితే ఆర్యా పగ కంటే నాకు ముఖ్యంగా తోచినది ఆ రెండు సంఘటనల మధ్య జరిగిన రాజకీయం. ఫ్రేలకు బహుమతిగా దక్కిన రివర్‌రన్ కోటను వాళ్లు నిలుపుకోలేకపోయారు. రాబ్ తల్లికి చిన్నాన్న అయిన బ్లాక్‌ఫిష్ దాన్ని తిరిగి పట్టుకుంటే, విడిపించడానికి జేమీ సైన్యం వేసుకొని రావలసి వచ్చింది. కోట చేజిక్కాక జరిగిన విందులో, మన రెండు వంశాలను చూసి జనం భయపడుతున్నారని వాల్డర్ ఫ్రే గొప్పలు పోతే జేమీ తిప్పికొట్టిన తీరు ఈ ధారావాహికలోని అత్యుత్తమ రాజకీయ సంభాషణల్లో ఒకటి. జనం భయపడేది లానిస్టర్లకు, నీకు కాదు. కోట పోయిన ప్రతిసారీ మేమే సైన్యంతో రావలసి వస్తే నువ్వు మాకెందుకు అన్నది అతని ప్రశ్న. తండ్రి చేసిన ఏర్పాటు ఎంత డొల్లదో ఆ కొడుకు నోటనే వింటాం. ఫ్రేలకు సొంత బలం లేదు, వారిని గౌరవించే పొరుగువాడు లేడు, వారు పిలిస్తే భోజనానికి వచ్చేవాడు లేడు. అరువు తెచ్చుకున్న భయం మీద వారు బతుకుతున్నారు.

ఉత్తరాన బోల్టన్ల సంగతీ అదే. రెడ్ వెడ్డింగ్‌లో రాబ్ గుండెలో కత్తి దించిన అతని సామంతుడు రూస్ బోల్టన్ కరడుగట్టిన మనిషి, ఆలోచన ఉన్న మనిషి. ఐదవ సీజన్‌లో అతని కొడుకు రామ్సీ, పన్ను కట్టనన్న ఒక సామంతుడి కుటుంబాన్ని చర్మం ఒలిచి చంపి వచ్చి గర్వంగా చెప్పుకుంటే, రూస్ ఆ కొడుక్కి పరిస్థితి వివరిస్తాడు. మనకు ఉత్తరాన్ని పట్టి ఉంచేంత సైన్యం లేదు, మనకు అండగా నిలిచిన టైవిన్ చనిపోయాడు, అవసరం వస్తే లానిస్టర్లు ఇంత దూరం సైన్యంతో రారు అన్నది ఆ వివరణ. అందుకని అతడు వెతుక్కున్న ఉపాయం ఏమిటి? రాబ్ మరో చెల్లెలు సాన్సా స్టార్క్‌ను కోడలిగా తెచ్చుకోవడం. స్టార్కులను వెనుకనుంచి పొడిచి గద్దెనెక్కినవాడికి ఆ గద్దె మీద కూర్చోవడానికి మళ్లీ స్టార్కుల పేరే కావలసి వచ్చింది. టైవిన్‌ను మేధావి అనేవారు ఈ ఒక్క దృశ్యాన్ని మళ్లీ చూడాలని నా మనవి. ఆయన చనిపోయి ఎంతో కాలం కాలేదు. ఆయన చేయించిన అత్యంత ఘనమైన పనిలో భాగస్వామి అప్పుడే ఆయన హామీ చెల్లదని తేల్చేశాడు.

డబ్బు విషయంలోనూ ఇదే గుణం కనబడుతుంది. మొదటి సీజన్‌లో నెడ్ స్టార్క్ రాజుకు ప్రధానమంత్రి వంటి హ్యాండ్ పదవి చేపట్టగానే ఖజానా చూసే లిటిల్‌ఫింగర్ చెప్పే లెక్క ప్రకారం సింహాసనం అప్పు 60 లక్షల బంగారు నాణేలు, అందులో సగం టైవిన్‌కే బాకీ. అప్పులిచ్చి రాజును గుప్పిట్లో పెట్టుకున్న ధనవంతుడిగానే అందరూ ఆయనను చూస్తారు. నాలుగవ సీజన్‌లో ఆయనే కూతురు సెర్సీకి అసలు సంగతి చెబుతాడు: తమ చివరి బంగారు గని కూడా మూడేళ్ల కిందటే వట్టిపోయింది, బ్రావోస్‌లోని ఐరన్ బ్యాంకుకు తీర్చవలసిన అప్పు మాత్రం కొండంత ఉంది. లానిస్టర్ బాకీ ఉంచుకోడన్న నానుడి రాజ్యమంతటా వినిపిస్తున్న రోజుల్లోనే ఆ వంశం పరువు మీద అప్పు తెచ్చి గడుపుతోందన్నమాట. ఇది తెలిసిన తరువాత సంపన్న టైరెల్ వంశంతో వియ్యం కోసం ఆయన ఎందుకంత పాకులాడాడో అర్థమవుతుంది. ఇక్కడ ఆయన తెలివిని నేను కాదనను. గని వట్టిపోయిందన్న రహస్యాన్ని మూడేళ్లు కాపాడడం చిన్న పని కాదు. కానీ ఆ టైరెల్ సంబంధానికి కూడా పెళ్లి విందులోనే దెబ్బ తగిలింది. తన మనవరాలు మార్జరీని సెర్సీ కొడుకైన రాజు జాఫ్రీ వంటి రాక్షసుడి చేతిలో పెట్టడానికి మనసొప్పని ఒలెన్నా, అతిథిగా కూర్చుని ఆ పిల్లవాడికి విషం పెట్టించింది. విందులో హత్య చేయడం తప్పు కాదని రాజ్యానికి నేర్పింది టైవినే. నేర్చుకున్నవాళ్లు ఆయన బల్ల దగ్గరే పరీక్షకు కూర్చున్నారు.

డోర్న్ అనే దక్షిణాది రాజ్యం కథ దీనికంటే పాతది, నన్ను ఎక్కువగా కదిలించేదీ అదే. రాబర్ట్ బరాథియన్ తిరుగుబాటు చివరిలో టైవిన్ సైన్యం రాజధానిలోకి చొరబడి దోచుకున్నప్పుడు, గ్రెగర్ క్లెగేన్ అనే ఆయన మనిషి పాత రాజవంశపు కోడలైన డోర్న్ యువరాణి ఎలియానూ ఆమె పసిపిల్లలనూ చంపాడు. రాబర్ట్ కొత్త సింహాసనానికి పోటీదారులు లేకుండా చేసిన ఆ పనిని ఆనాడు అందరూ దూరదృష్టి అనుకొని ఉంటారు. ఏళ్లు గడిచాక ఎలియా తమ్ముడు ఓబరిన్ జాఫ్రీ పెళ్లి నెపంతో రాజధానికి వస్తాడు. జాఫ్రీని చంపాడన్న నేరం మీద పడిన టిరియన్ తరపున గ్రెగర్‌తో ద్వంద్వయుద్ధానికి దిగి, గెలుపు చేతిలోకి వచ్చాక కూడా ఆజ్ఞ ఎవరిచ్చారో చెప్పమని అరుస్తూ, వేలు టైవిన్ వైపు చూపిస్తూ, ఆ ఒక్క మాట కోసం ప్రాణం పోగొట్టుకుంటాడు. అతని ప్రియురాలు ఎల్లారియా ఆ పగను అందుకొని, అన్నెం పున్నెం ఎరుగని మైర్సెల్లాకు ముద్దుతో విషమిస్తుంది. మైర్సెల్లా టైవిన్ మనవరాలు. ఎప్పుడో చంపించిన పసివాళ్లకు బదులుగా తన ఇంటి పసిపిల్ల చచ్చింది. ఐదవ సీజన్‌లో డోర్న్ భాగాన్ని చాలా పేలవంగా తీశారన్న విమర్శతో నేను ఏకీభవిస్తాను, కానీ దాని వెనుక ఉన్న ఈ కారణాల గొలుసు మాత్రం గట్టిది.

ఇదే లోకంలో అంతకు ముందు కాలపు కథ చెప్పే, 2022లో మొదలైన హౌస్ ఆఫ్ ది డ్రాగన్ ధారావాహిక ఇదే సమస్యను మరోవైపు నుంచి పట్టుకుంది. రాజు విసెరిస్ తన కూతురు రైనీరాను వారసురాలిగా ప్రకటించి సామంతులందరి చేత ప్రమాణం చేయిస్తాడు. ఆయన కన్నుమూసిన తెల్లవారే ఆ ప్రమాణాన్ని పక్కకు నెట్టి ఆమె సవతి తమ్ముడికి పట్టం కట్టే ఏర్పాట్లు జరుగుతాయి. ఆ సభలో ఇది దొంగతనమని లేచి అరిచినవాడు ముసలి ఖజానాదారు బీస్‌బరీ ఒక్కడే, అతణ్ణి ఆ బల్ల మీదే చంపేస్తారు. చచ్చిపోయిన రాజుకిచ్చిన మాటకు విలువెంత అన్న ప్రశ్నకు జవాబుగా ఆ తరువాత రెండు వర్గాల పిల్లలూ చావడం మొదలవుతుంది.

ఇప్పుడు నెడ్ స్టార్క్ దగ్గరికి వస్తాను. ఆయన తప్పులు చేయలేదని వాదించడం నా ఉద్దేశం కాదు. రాజు మరణశయ్య మీద ఉండగా రాజు తమ్ముడు రెన్లీ వచ్చి వందమంది కత్తివీరులతో జాఫ్రీని ఇప్పుడే మన చేతిలోకి తీసుకుందామంటే కాదన్నాడు. సెర్సీ పిల్లల తండ్రి రాబర్ట్ కాదని తనకు తెలిసిపోయిందని ఆమెతోనే చెప్పి, పిల్లలను తీసుకొని పారిపొమ్మని గడువిచ్చాడు. నగర రక్షకదళాన్ని కొనే పనిని లిటిల్‌ఫింగర్ చేతిలో పెట్టాడు. రాజు వీలునామా అన్న కాగితానికి విలువ ఉంటుందనుకున్నాడు, సెర్సీ దాన్ని నిండు సభలో చింపేసింది. ఇవి ప్రాణం తీసిన తప్పులే. అయితే వీటిలో చివరిదాన్ని మినహాయిస్తే మిగిలినవాటి మూలం అమాయకత్వం కాదు. చెరసాలలో గూఢచారుల అధిపతి వేరిస్ వచ్చి రాణికి ఎందుకు చెప్పావని అడిగినప్పుడు నెడ్ ఇచ్చే జవాబు ఆమె పిల్లల మీద దయ. రాజ్యాలు మారినప్పుడు పసిపిల్లలకు ఏం జరుగుతుందో కళ్లారా ఎరిగినవాడు ఆయన. గద్దె పోగొట్టుకున్న టార్గేరియన్ రాజు కూతురు డెనేరిస్‌ను, ఆమె కడుపులోని బిడ్డను చంపించాలన్న రాబర్ట్ నిర్ణయానికి ఎదురునిలిచి పదవి వదులుకున్నదీ ఆ కారణంగానే. ప్రమాదం ఏమిటో తెలిసే ఆయన ఆ దయను ఎంచుకున్నాడని నేను అర్థం చేసుకుంటున్నాను.

రహస్యం దాచుకోవడం చేతకానివాడన్న మాట మరీ అన్యాయం. ఆరవ సీజన్ చివర బ్రాన్ చూసే గతంలో, ప్రసవించి చావు బతుకుల మధ్య ఉన్న చెల్లెలు లియానా తన బిడ్డను కాపాడమని నెడ్ చేత మాట తీసుకుంటుంది. ఆ బిడ్డ జాన్ స్నో. టార్గేరియన్ రక్తం అని తెలిస్తే ప్రాణస్నేహితుడైన రాబర్టే వాణ్ణి బతకనివ్వడని తెలిసిన నెడ్, తన అక్రమ సంతానమని చెప్పుకొని ఇంటికి తెచ్చి పెంచాడు. ఆ అబద్ధం వల్ల ఆయన పరువు పోయింది, భార్య కేట్‌లిన్ జీవితమంతా నొచ్చుకుంది, జాన్ చిన్నతనమంతా చిన్నచూపు భరించాడు. అంతటి భారాన్ని చచ్చేదాకా ఒక్కరికీ చెప్పకుండా మోసినవాణ్ణి రాజకీయం తెలియని మొద్దు అనడానికి నాకు నోరు రాదు. చివరికి బేలోర్ గుడి మెట్ల మీద, సాన్సా ప్రాణం కోసం తాను రాజద్రోహినని పదిమంది ముందు ఒప్పుకొని ఆ పరువు కూడా వదులుకున్నాడు. ఆయన తల తీయించింది ఆయన నిజాయితీ అని అందరూ అంటారు. తల నరికే క్షణానికి ఆయన అప్పటికే అబద్ధమాడి ఒప్పందం కుదుర్చుకొని ఉన్నాడు, దాన్ని విరిచింది తల్లి మాట కూడా వినని జాఫ్రీ. అంటే ఆ రోజు ఓడింది నెడ్ ఒక్కడే కాదు, ఆ ఒప్పందంలో తమ లాభం చూసుకున్న సెర్సీ, వేరిస్ కూడా ఓడారు.

నెడ్ పేరు ఆయన పోయాక ఏం చేయగలిగింది అన్న దాని దగ్గర నేను కొంచెం తగ్గి మాట్లాడాలి, ఎందుకంటే అభిమానుల్లో నా వైపు వాదించేవాళ్లు ఇక్కడ అతిగా చెబుతుంటారు. ఉత్తరాది మరచిపోదన్న మాటను పట్టుకొని, స్టార్క్ పేరు వినగానే సామంతులందరూ లేచి వచ్చారన్నట్టు చెప్పడం నిజం కాదు. ఆరవ సీజన్‌లో జాన్, సాన్సా బోల్టన్ల మీదికి ఊరూరూ తిరిగి సైన్యం అడుక్కుంటే రాబెట్ గ్లోవర్ ముఖం మీదే కాదన్నాడు. నా కోటను శత్రువులు పట్టుకొని నా భార్యాబిడ్డలను చెరబట్టినప్పుడు మీ రాజు రాబ్ ఎక్కడున్నాడు, పరాయి దేశపు పిల్లను పెళ్లాడి తానూ చచ్చి తనను నమ్మినవారినీ చంపాడు కదా అన్నాడు. ఆయన కోపంలో న్యాయముంది. పేరు మీద ఉన్న నమ్మకం కూడా ఖర్చయిపోయే సొమ్మే, రాబ్ దానిలో చాలా భాగం ఖర్చు పెట్టేశాడు. బేర్ ఐలాండ్‌ను ఏలే పసిపిల్ల లియానా మార్మాంట్ ఇచ్చినది 62 మందిని. ఆ సంఖ్య విని సాన్సా, జాన్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్న క్షణం నాకు బాగా గుర్తు. యుద్ధాన్ని గెలిపించింది కూడా ఉత్తరాది విశ్వాసం కాదు, సాన్సా లిటిల్‌ఫింగర్‌కు రాసి పిలిపించిన వేల్ అనే ప్రాంతపు సైన్యం.

అయినప్పటికీ ఆ 62 మందిని నేను తేలిగ్గా తీసుకోలేను. వారు భయపడి రాలేదు, జీతానికి రాలేదు, రాకపోతే అడిగేవాడు కూడా లేడు. స్టార్కుల చేతిలో ఒక కోట లేదు, కాసు లేదు. చేతిలో ఏమీ లేనివాడి పక్షాన వచ్చి నిలబడేవారు ఎంతమంది అన్నది నా దృష్టిలో అధికారాన్ని కొలిచే నిజమైన లెక్క. ఆ లెక్కలో నెడ్ సంతానానికి 62 మంది ఉన్నారు. టైవిన్ సంతానానికి అలా నిలబడినవారు ఎవరున్నారో వెతికితే నాకు కనబడినది కిరాయికి పనిచేసే కత్తివీరుడు బ్రోన్, అతడూ ఎక్కువ ఇచ్చేవాడు దొరికేదాకానే.

టైవిన్ ఇంటి లోపలి రాజకీయం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. జాఫ్రీని చంపాడన్న నేరం మీద టిరియన్‌ను విచారిస్తూ, అతని ప్రాణం నిలబెట్టడానికి బదులుగా జేమీ రాజరక్షకదళాన్ని వదిలి వచ్చి వారసుడు కావాలన్న ఒప్పందాన్ని ఆయన తెరవెనుక కుదుర్చుకున్నాడు. న్యాయపీఠం మీద కూర్చుని కొడుకు ప్రాణాన్ని వంశం కోసం పెట్టుబడిగా వాడడమంటే ఇదే. జీవితమంతా అవమానం మింగిన ఆ కొడుకు సాక్షుల మధ్య పగిలిపోయి ద్వంద్వయుద్ధం కోరడంతో ఆ లెక్క తప్పింది, నాలుగవ సీజన్ చివరనే బాణం ఎక్కుపెట్టి ఆయనను చంపినవాడూ ఆ కొడుకే. శత్రురాజుల మనసులను పుస్తకంలా చదివినవాడు తన ఇంటి పిల్లల మనసులో ఏముందో ఒక్కనాడూ చూడలేదు. మనవడు టామెన్‌కు మంచి రాజు లక్షణమేమిటో చెప్పిన పాఠం మాత్రం నిజంగా గొప్పది. భక్తి, న్యాయం, బలం ఒక్కొక్కటీ ఎందుకు చాలవో పాత రాజుల ఉదాహరణలతో చూపించి, ఆ పిల్లవాడి నోటనే వివేకం అన్న మాట రప్పిస్తాడు. ఆ పాఠం చెప్పడానికి ఆయనకు దొరికిన చోటు జాఫ్రీ శవం పక్కన. చెప్పిన మనిషి పోయాక టామెన్‌కు మిగిలినది తల్లి, ఆ తల్లి ఆయుధాలిచ్చిన మతగురువు హై స్పారో.

భయం మీద రాజ్యం నిలుస్తుందన్న టైవిన్ నమ్మకాన్ని చివరిదాకా మోసుకెళ్లినది సెర్సీ అని అందరూ అంటారు. డెనేరిస్ అని నేనంటాను. మీరీన్ నగరానికి వెళ్లే దారిలో 163 మంది బానిసపిల్లలను శిలువ వేసిన యజమానులకు బదులుగా అంతేమంది యజమానులను ఆమె శిలువ వేయించింది. దయ చూపమన్న సలహాదారు బారిస్టన్ మాట వినలేదు. కొన్నాళ్లకు ఆ నగరపు ప్రముఖుడు హిజ్దార్ వచ్చి, ఆ పిల్లల హత్యను నా తండ్రి వ్యతిరేకించాడు, ఆయననూ మీరు శిలువ వేశారు, పాతిపెట్టుకోవడానికి శవాన్నయినా ఇవ్వండని వేడుకుంటాడు. ఆ క్షణంలో ఆమె ముఖంలో కనిపించిన తడబాటే ఆమె పాత్రలోని ఉత్తమ భాగం. పాలించడమంటే ఏమిటో ఆమె నేర్చుకుంటున్న రోజులవి. వెస్టరోస్ చేరాక ఆ తడబాటు పోయింది. లొంగని టార్లీ తండ్రీకొడుకులను కాల్చివేసినప్పుడు, చివరి సీజన్‌లో ప్రేమ దొరకని చోట భయమే ఉండనీ అని జాన్‌తో తేల్చి చెప్పినప్పుడు ఆమె తెలియకుండానే తన శత్రువు సిద్ధాంతాన్ని స్వీకరించింది. లొంగిపోయామని గంటలు మోగుతున్న నగరాన్ని కాల్చడం హఠాత్తుగా జరిగిందని కోపగించుకున్నవారి బాధ నాకు తెలుసు, ఎందుకంటే ఆ మార్పుకు తగినంత సమయం ఇవ్వలేదు. దారి మాత్రం ముందునుంచీ వేసి ఉంది.

నా అసలు ఫిర్యాదు వేరు. రెండవ సీజన్‌లో రొట్టె దొరకని రాజధాని జనం జాఫ్రీ మీద పేడ విసిరి, ఒక మతాచార్యుణ్ణి ముక్కలు చేశారు. ఆకలికే అంత తిరగబడిన నగరం, ఆరవ సీజన్ చివర సెర్సీ వైల్డ్‌ఫైర్ అనే పేలుడు ద్రవంతో మహా దేవాలయాన్ని పేల్చి, ప్రజలు ఆరాధించే గురువునూ వారు ప్రేమించిన రాణి మార్జరీనీ సొంత చిన్నాన్ననూ బూడిద చేస్తే నోరెత్తలేదు. ఆ తరువాత ఆ దేవాలయం ప్రస్తావన పెద్దగా రాదు. ఇంతకాలం ప్రతి పనికీ ఫలితం చూపించిన కథ అక్కడ ఆ పని మానేసింది, నా దృష్టిలో ధారావాహిక పతనం అక్కడే మొదలైంది. ఏడవ సీజన్‌లో ఏడు, ఎనిమిదవ సీజన్‌లో ఆరు ఎపిసోడ్లకు కుదించడం వల్ల రాజకీయానికి చోటు లేకుండా పోయింది. బ్రాన్‌ను రాజుగా ఎన్నుకున్న సభలో సాన్సా ఉత్తరానికి స్వాతంత్ర్యం అడిగి తీసుకుంటే, అదే స్వాతంత్ర్యాన్ని డెనేరిస్ దగ్గర బేరమాడి మాట తీసుకున్న ఐరన్ ఐలాండ్స్ నాయకురాలు యారా గ్రేజాయ్ నోరు మూసుకొని కూర్చోవడాన్ని నేను ఇప్పటికీ ఒప్పుకోలేను.

ఆ లోపాలన్నిటి మధ్య ఒక్క దృశ్యం కోసం మాత్రం చివరి ఎపిసోడ్‌ను నేను క్షమిస్తాను. మూడవ సీజన్ మూడవ ఎపిసోడ్‌లో టైవిన్ తన మంత్రులను మొదటిసారి సమావేశపరచినప్పుడు, పొడవాటి బల్ల చివర తాను కూర్చుని, కుర్చీలన్నీ ఒకే పక్క వరసగా వేయించి, ఎవరు ఎక్కడ కూర్చుంటారో మౌనంగా గమనిస్తాడు. లిటిల్‌ఫింగర్ అందరినీ దాటుకొని దగ్గరి కుర్చీ అందుకుంటాడు, సెర్సీ కుర్చీ మోసుకెళ్లి తండ్రి పక్కన వేసుకుంటుంది, టిరియన్ తన కుర్చీని నేల మీద బరబరా ఈడ్చుకెళ్లి తండ్రికి ఎదురుగా అవతలి చివర వేసుకుంటాడు. చివరి ఎపిసోడ్‌లో టైవిన్ లేడు, ఆయన కూతురూ పెద్దకొడుకూ కోట శిథిలాల కింద ఉన్నారు, మనవలెవరూ మిగలలేదు. జేమీ ఒకనాడు కిటికీలోంచి తోసేసిన నెడ్ స్టార్క్ కొడుకు రాజు. ఆ రాజుకు హ్యాండ్‌గా నియమితుడైన టిరియన్ మంత్రులు రాకముందే ఒంటరిగా వచ్చి, బల్ల చుట్టూ ఉన్న కుర్చీలను ఒక్కొక్కటిగా సరిచేసి, మళ్లీ వెనక్కి వచ్చి మరోసారి సరిచేసి, తలుపు తెరుచుకునేదాకా నిలబడి ఉంటాడు.